ర్యామ్ చాలకపోతే తీసేయాల్సింది యాంటీవైరస్ కాదు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తెనాలిలో చిన్న షాపులకు జీఎస్టీ రిటర్నులు వేసే ఒకరి దగ్గర 2019లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఐ5-8250యూ ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ట్యాలీ, ఎక్సెల్, క్రోమ్ మూడూ కలిపి తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. షాపులో చూపిస్తే "యాంటీవైరస్ తీసేయండి, ఫాస్ట్ అవుతుంది. దీనికి విండోస్ 11 రాదు. కొత్తది కొనుక్కుంటే మంచిది" అన్నారట. ర్యామ్ 8 చేయించాలా 16 చేయించాలా, యాంటీవైరస్ నిజంగా అవసరమా, షాపువాళ్లు లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతున్నారు ఇవ్వొచ్చా, తీసేసిన పాత ర్యామ్‌లో మన డేటా మిగిలి ఉంటుందా అని అడిగారు.

నమస్కారం అండీ. షాపులో చెప్పిన మూడు మాటల్లో మొదటి రెండూ తప్పు, మూడోది తొందరపాటు. మీ మెషీన్ ఇంకో మూడు నాలుగేళ్లు హాయిగా పనిచేస్తుంది. పైగా మీరు ర్యామ్ గురించి ఒక ప్రశ్న, భద్రత గురించి ఇంకో ప్రశ్న అడిగానని అనుకుంటున్నారు గానీ, నా లెక్కలో అవి రెండూ ఒకటే. నా సర్వీస్ టేబుల్ మీదికి వైరస్ పట్టి వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలా భాగం అంతకుముందు స్లో అయినవే. స్లోగా ఉందని విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేస్తారు. అప్‌డేట్ మొదలైతే గంటన్నర కదలదని వాయిదా వేస్తూ పోతారు. చివరికి ఎవరో చెప్పారని ర్యామ్ క్లీనర్, పీసీ బూస్టర్ లాంటిదేదో దించుకుంటారు. తలుపు తీసిపెట్టేది వైరస్ కాదు, విసుగు. ఆ విసుగుకు కారణం మెమరీ, డిస్క్. అందుకే ముందు వాటి సంగతి చూద్దాం.

కొనేముందు ఒక్కసారి కొలవండి. మీరు రోజూ ఎలా పనిచేస్తారో అలాగే ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ అన్నీ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. అందరూ పైనున్న శాతం చూసి ఊరుకుంటారు. అసలు చూడాల్సింది కింద "కమిటెడ్" అని ఉండే జంట అంకెలు. అక్కడ 7.1/9.0 అని ఉందనుకోండి, మీ ప్రోగ్రాములు ఇప్పటికే 7.1 జీబీ అడిగి తీసుకున్నాయని అర్థం. మీ దగ్గరున్నది 4 జీబీ. మిగతాది ఎక్కడికి పోయింది? విండోస్ దాన్ని హార్డ్ డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే చోట దాచుకుంటుంది, కావాల్సినప్పుడల్లా తెచ్చుకుని, అక్కర్లేనిది మళ్లీ అక్కడ పెడుతుంది. మీరు ట్యాలీ నుంచి క్రోమ్‌కు మారిన ప్రతిసారీ జరిగే ఆ లాగులాటే మీరు చెప్పే హ్యాంగ్. అదే సమయంలో డిస్క్ గడిలో 100 శాతం కనిపిస్తుంది చూడండి. దాన్ని చూసే చాలామంది డిస్క్ పాడైందనో, వైరస్ ఉందనో టెన్షన్ పడతారు.

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పాలి. మీ ల్యాప్‌టాప్‌కు ర్యామ్ ఒక్కటే పెంచితే సగం పనే అవుతుంది. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ముల్లు అటూ ఇటూ కదిలి చదవాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను అది సెకనుకు వంద దరిదాపుల్లోనే తేగలదు. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లతోనే పనిచేసే డిస్క్ ఎస్ఎస్‌డీ. అందులో మామూలు సాటా రకం కూడా వేలల్లో, పదివేలల్లో తెస్తుంది. బూట్ అవడం, ట్యాలీ తెరుచుకోవడం, అప్‌డేట్ పూర్తవడం, యాంటీవైరస్ స్కాన్ అన్నీ ఇలాంటి చిన్న ముక్కల పనులే. డబ్బు ఒకదానికే ఉంటే ఏది ముందు అని అడిగితే 8 జీబీ ఉన్నవాళ్లకు ఎస్ఎస్‌డీ ముందు అంటాను. మీకున్నది 4 జీబీ కాబట్టి రెండూ కావాలి. 250 జీబీ లేదా 500 జీబీ ఎస్ఎస్‌డీ మీ పనికి ధారాళంగా సరిపోతుంది. ట్యాలీ డేటా ఎంత పెద్దదైనా కొన్ని జీబీలకు మించదు.

ఇప్పుడు 8ఆ 16ఆ. మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ పరిమితి 32 జీబీ, వేగం డీడీఆర్4-2400, మెమరీకి రెండు చానెళ్లు, అంటే డేటా నడిచే రెండు దారులు. అంటే 16కు అడ్డంకి ప్రాసెసర్ వైపు నుంచి లేదు. అడ్డంకి ఉంటే మీ ల్యాప్‌టాప్ తయారీలోనే ఉంటుంది. ఆ కాలపు చాలా మోడళ్లలో 4 జీబీని బోర్డుకే సోల్డర్ చేసి, పక్కన ఒక్క స్లాట్ ఇచ్చారు. కొన్నిటిలో రెండు స్లాట్లు ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో అదే పేజీలో "స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2" అని చూపిస్తుంది గానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. బోర్డు మీద అంటించిన మెమరీని కూడా ఒక స్లాట్ కింద లెక్కవేసే మోడళ్లున్నాయి. మీ మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది, అందులో బొమ్మతో సహా ఉంటుంది. లేదా కవర్ తీసినప్పుడు కళ్లతో చూడటమే ఖాయం.

స్లాట్ ఒక్కటే ఉంటే 8 జీబీ స్టిక్ కొనండి, మొత్తం 12 అవుతుంది. 4, 8 కలపకూడదని కొందరు భయపెడతారు. కలపొచ్చు. రెండువైపులా ఉన్న నాలుగేసి జీబీలు జంటగా, రెండు చానెళ్ల వేగంతో పనిచేస్తాయి. మిగిలిన 4 జీబీ ఒక్క చానెల్ మీద నడుస్తుంది. మీ పనిలో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. రెండు స్లాట్లు ఖాళీ చేసుకోగలిగితే 8, 8 జంట వేస్తే 16. అది హాయి. 32 మాత్రం మీకు దండగ. ట్యాలీ, ఎక్సెల్, పది పదిహేను బ్రౌజర్ ట్యాబ్‌లకు 12 చాలు, 16 ఎక్కువే.

కొనేటప్పుడు మాట్లాడాల్సింది కంపెనీ పేరు గురించి కాదు, రకం గురించి. ఇప్పుడున్న స్టిక్ మీది స్టిక్కర్ ఫోటో తీసుకుని వెళ్లండి. "పీసీ4-2400టీ" లాంటిది రాసి ఉంటుంది. పీసీ4 అంటే డీడీఆర్4, 2400 అంటే వేగం. షాపులో ఇప్పుడు 2666, 3200 స్టిక్‌లే ఎక్కువ దొరుకుతాయి. ఫర్వాలేదు, అవి మీ మెషీన్‌లో వేగం తగ్గించుకుని 2400కే నడుస్తాయి. డీడీఆర్3ఎల్, డీడీఆర్5 మాత్రం పనికిరావు. డీడీఆర్3 స్టిక్‌కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. గాడి ఉన్న చోటు కూడా వేరు కాబట్టి బలవంతంగా దూర్చితే తప్ప తప్పు స్టిక్ ఎక్కదు. ల్యాప్‌టాప్‌కు కావాల్సింది సోడిమ్, అంటే పొట్టిది. డెస్క్‌టాప్ ర్యామ్ దాదాపు రెండింతల పొడవుంటుంది. ఆన్‌లైన్‌లో ఆ తేడా చూసుకోకుండా ఆర్డర్ పెట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ధర సంగతి. 2025 చివరి నుంచి మెమరీ రేట్లు గట్టిగా పెరిగాయి. తయారీ కంపెనీలు ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు మొగ్గడం, డీడీఆర్4 తయారీని తగ్గించుకుంటూ రావడం దీనికి కారణం. పోయిన ఏడాది ఎవరో ఇంతకే వేయించుకున్నారన్న లెక్కతో షాపువాళ్లతో గొడవపడకండి. అందుకే డీడీఆర్4లో సెకండ్ హ్యాండ్ స్టిక్ కొనడం తప్పేమీ కాదు. ర్యామ్ అరిగిపోయే వస్తువు కాదు. సికింద్రాబాద్ వెళ్లే పని ఉంటే పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల దొరుకుతాయి, విజయవాడలోనూ దొరుకుతాయి. వారం రోజుల్లో మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి చాలు. ఎందుకు వారం అన్నానో కింద చెప్తాను. ఎస్ఎస్‌డీ మాత్రం కొత్తదే కొనండి, అది అరిగే వస్తువు.

విండోస్ 11 రాదన్న మాట. మీ ప్రాసెసర్ 8వ తరం. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ఇంటెల్ వైపు నుంచి పెట్టిన గీత దాదాపు అక్కడే మొదలవుతుంది, మీ ఐ5-8250యూ ఆ జాబితాలో ఉంది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కదా అంటారు. ఈ ప్రాసెసర్‌లో అది పీటీటీ అనే పేరుతో లోపలే ఉంటుంది, కొన్ని మోడళ్లలో బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలో, ఆఫ్ చేసి వస్తుంది. ఆన్ చేస్తే సరి. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ నడిపితే మీ మెషీన్‌కు ఏం ఉంది ఏం లేదు అదే చెప్తుంది. విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో వ్యక్తిగతంగా చేరినవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి, అంతే. నలుగురి లెక్కలూ చేతిలో పెట్టుకున్న మీరు ఆ తర్వాత విండోస్ 10 మీద ఉండటం మంచిది కాదు.

అయితే 4 జీబీ మీద, హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 ఎక్కించకండి. కనీస అవసరం 4 జీబీ అని వాళ్లు రాశారు గానీ అది ఎక్కడానికి, నడవడానికి కాదు. ముందు ర్యామ్, ఎస్ఎస్‌డీ, తర్వాతే విండోస్ 11. ఎస్ఎస్‌డీ మీద పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేయకుండా కొత్తగా వేయించండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, 8 జీబీ పెన్ డ్రైవ్ మీదికి మీరే తయారు చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌తో అసలు విండోస్ వచ్చి ఉంటే దాని లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. ర్యామ్, డిస్క్ మార్చినా అదే ఎడిషన్ వేస్తే నెట్ కనెక్ట్ కాగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. షాపువాళ్లు "మా దగ్గర రెడీగా ఉన్న విండోస్ వేసేస్తాం, ఆఫీస్‌తో సహా" అంటే వద్దని చెప్పండి. ముందే యాక్టివేట్ చేసిన ఆ కాపీలో ఇంకేం కలిపారో చూసినవాళ్లు లేరు. దాన్ని యాక్టివేట్ చేసే టూల్ చాలాసార్లు డిఫెండర్‌ను ఆపేస్తే గానీ పనిచేయదు. ఆ ఆపింది మళ్లీ ఎవరూ ఆన్ చేయరు.

ఇప్పుడు పాస్‌వర్డ్ ప్రశ్న. ఇవ్వకండి, అవసరమే లేదు. ర్యామ్ వేశాక సరిగ్గా పట్టిందో లేదో బయోస్ తెరిస్తే అక్కడే మొత్తం జీబీ కనిపిస్తుంది, దానికి విండోస్‌లోకి వెళ్లక్కర్లేదు. ఎస్ఎస్‌డీ ఖాళీది, కొత్త విండోస్ వేస్తున్నారు, కాబట్టి పాత పాస్‌వర్డ్‌తో వాళ్లకు పనేముంది? పాత డేటా కాపీ చేసి ఇస్తామంటే వద్దు, ఆ పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు. అడిగిన ప్రతి షాపు దురుద్దేశంతో అడుగుతుందని నేననడం లేదు, అలవాటుగా అడుగుతారు. కానీ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నవి మీ ఫోటోలు మాత్రమే కావు, మీ పార్టీల (క్లయింట్ల) పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. అవి వేరేవాళ్ల ముందు తెరిచిపెట్టే హక్కు మీకూ లేదు. వీలైతే పక్కన కూర్చుని చేయించండి, అరగంట పని.

ఇంకో జాగ్రత్త చాలామంది చెప్పరు. డిస్క్‌లోని డేటాకు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ సెట్టింగ్స్‌లో ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. ర్యామ్ మార్చినంత మాత్రాన మామూలుగా అడగదు. కానీ దారిలో బయోస్ అప్‌డేట్ చేసినా, టీపీఎం సెట్టింగ్ కదిలించినా నీలం తెర మీద ఆ కీ అడిగి కూర్చుంటుంది. కీ లేకపోతే ఆ డిస్క్‌లోని డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

మీరే వేసుకోవాలనుకుంటే, చేతికి కాస్త ఓపిక ఉంటే చాలు. షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కండి. మామూలు షట్ డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు. చార్జర్ తీసేయండి. వెనక కవర్ స్క్రూలు అన్నీ ఒకే పొడవుండవు, ఏది ఎక్కడిదో తెల్లకాగితం మీద బొమ్మ గీసుకుని అక్కడే పెట్టుకుంటూ రండి. పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డుకే తగులుతుంది. ఇంకా కవర్ రాకపోతే లాగకండి, రబ్బరు కాళ్ల కింద స్క్రూ దాగి ఉంటుంది. అంచు వెంట పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో క్లిప్పులు విప్పండి, స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు.

కవర్ రాగానే మొదట బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే అక్కడితో ఆపి, ముందు బ్యాటరీ మార్పించండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుండటం, క్లిక్ గట్టిపడటం దానికి ముందస్తు గుర్తులు. బ్యాటరీ బాగుంటే దాని కనెక్టర్‌ను వైర్లు పట్టుకుని కాకుండా గోటితో మెల్లగా కదిపి ఊడదీయండి. తర్వాత పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. ఏదైనా ఎర్త్ ఉన్న లోహాన్ని తాకి, అప్పుడు స్టిక్ ముట్టుకోండి. తివాచీ మీద, సిల్కు దుస్తుల్లో కూర్చుని ఈ పని చేయకండి.

పాత స్టిక్‌కు రెండువైపులా చిన్న క్లిప్పులుంటాయి, వాటిని బయటికి నెడితే స్టిక్ దానంతటదే సుమారు 30 డిగ్రీలు పైకి లేస్తుంది. కొత్తదాన్నీ అదే వాలులో, గాడి సరిచూసుకుని లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కండి. రెండు క్లిప్పులూ టక్కుమని పట్టాలి. బంగారు రంగు కొసలు ఇంకా వెడల్పుగా బయటికి కనిపిస్తుంటే అది సరిగ్గా కూర్చోలేదు. పది కేసుల్లో తొమ్మిదింటికి "ర్యామ్ వేశాక స్క్రీన్ రాలేదు" అన్నదానికి మూలం ఇదే. తీసి మళ్లీ తోయండి. సెకండ్ హ్యాండ్ స్టిక్ అయితే కొసలను మెత్తని పెన్సిల్ రబ్బరుతో ఒకసారి తుడిచి, పొడి దులిపి పెట్టండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొంతసేపు నల్లటి తెరే ఉండొచ్చు, కొత్త మెమరీని మెషీన్ పరీక్షించుకుంటోంది. డీడీఆర్5 మెషీన్లలో ఇది కొన్ని నిమిషాలు కూడా పడుతుంది. కంగారుపడి పవర్ కట్ చేయకండి.

12 జీబీ కనిపించింది కదా అని సంబరపడి ట్యాలీ తెరవొద్దు. మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్ డ్రైవ్ మీద వేసి, రాత్రి పడుకునేముందు నడిపి వదిలేయండి. పొద్దున్నకు ఎర్రర్ సున్నా ఉండాలి. ఒక్కటి ఉన్నా ఆ స్టిక్ వాపసే. వారం గడువు రాయించుకోమన్నది ఇందుకు. చెడ్డ హార్డ్ డిస్క్ శబ్దం చేస్తుంది, ఫైలు తెరుచుకోనంటుంది. చెడ్డ ర్యామ్ చాలాసార్లు ఏమీ అనదు. మీరు టైప్ చేసిన అంకెను మధ్యలో మార్చి, ఆ మారిన అంకెనే డిస్క్‌కు రాయిస్తుంది. మరుసటి రోజు బ్యాకప్‌లోకి వెళ్లేది కూడా ఆ తప్పు అంకే. లెక్కలు చూసేవాళ్లకు ఇది వైరస్ కన్నా ప్రమాదం.

సరే, మెషీన్ ఇప్పుడు వేగంగా ఉంది. యాంటీవైరస్ ఆపడానికి సాకు పోయింది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మీకు చాలు, డబ్బు పెట్టి ఇంకోటి కొనక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో అది యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అనే పేరుతో కనిపిస్తుంది, రెండు మూడు వందల ఎంబీ తీసుకుంటుంది. 4 జీబీలో అది బరువు, 12లో లెక్కలోకి రాదు. ఇంకో కంపెనీ యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఆ కొత్తదాని చందా ఏడాదికి అయిపోయాక రెన్యూ చేయకపోతే మీకు మిగిలేది రోజూ డబ్బు కట్టమని అడిగే ఒక బొమ్మ. గడువు తీరినదాన్ని పూర్తిగా తీసేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ మళ్లీ ఆన్ అయిందో లేదో చూడండి.

అప్‌డేట్ల సంగతికి మీకు గుర్తుండే ఉదాహరణ ఒకటుంది. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అది వాడుకున్న లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చేసింది. దాదాపు రెండు నెలలు! వేసుకున్నవాళ్లు బతికారు, వాయిదా వేసినవాళ్లు దొరికారు. 20వ తేదీన జీఎస్టీఆర్-3బీ రిటర్ను గడువు పెట్టుకుని మధ్యాహ్నం అప్‌డేట్‌కు రీస్టార్ట్ చేయమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, నాకు తెలుసు. అందుకే విండోస్ అప్‌డేట్‌లో యాక్టివ్ అవర్స్ మీ పని గంటలకు సరిచేసి, ఆ వారంలో పాజ్ కొట్టి, 21న మీరే వదిలేయండి. ఎస్ఎస్‌డీ మీద అది టీ తాగేంతలో అయిపోతుంది.

మీ వృత్తిలో అసలు ప్రమాదం నాలుగు దారుల్లో వస్తుంది, అందులో పెన్ డ్రైవ్ పాతది. పార్టీ తెచ్చిన పెన్ డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే ఏ ఒక్కదాని మీదా డబుల్ క్లిక్ చేయకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి, విండోస్ దీన్ని దాచే ఇస్తుంది. అప్పుడు "మార్చి బిల్స్.పీడీఎఫ్" అని అమాయకంగా కనిపించేది నిజానికి "మార్చి బిల్స్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అని బయటపడుతుంది. బిల్లు ఎప్పుడూ ఈఎక్స్ఈగా రాదు. వీలైతే పార్టీలను పెన్ డ్రైవ్ బదులు మెయిల్ చేయమనండి.

రెండోది క్రాక్ సాఫ్ట్‌వేర్. క్రాక్ ట్యాలీ, క్రాక్ ఆఫీస్ దించుకున్న చోటే పాస్‌వర్డ్ దొంగలు కూడా దిగుతారు. ఈ రకం మాల్వేర్ మెషీన్‌ను పాడుచేయదు, స్లో కూడా చేయదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కు చెప్పే కుకీలు మూటగట్టి పంపేస్తుంది, అంతే. కుకీ దొరికితే ఓటీపీ లేకుండానే మీ మెయిల్ తెరవొచ్చు.

మూడోది కొత్తది. ఏదో వెబ్‌సైట్‌లో "నేను రోబోను కాదు" అని పెట్టి, దాని కింద విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వి, ఆ తర్వాత ఎంటర్ అని దశలవారీగా చెప్తుంది. మీరు ఆ పేజీలో క్లిక్ చేసినప్పుడే ఒక కమాండ్ మీకు తెలియకుండా కాపీ అయి ఉంటుంది, ఆ మూడు నొక్కుళ్లతో దాన్ని మీ చేతులతో మీరే నడిపిస్తున్నారు. ఏ అసలు సైటూ మనిషివని నిరూపించుకోవడానికి రన్ బాక్స్ తెరవమనదు. దీన్ని ఆఫీసులో సాయం చేసే కుర్రాడికి కూడా చెప్పండి.

నాలుగోది రిమోట్. ట్యాలీ సపోర్ట్‌కు ఎనీడెస్క్, అంటే వాళ్లు దూరం నుంచే మీ కంప్యూటర్ నడిపే యాప్, ఇవ్వడం మీకు మామూలే. మీరు ఫోన్ చేసి పిలిచినవాళ్లకు ఇవ్వండి, వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసినవాళ్లకు ఎవరికీ ఇవ్వకండి, జీఎస్టీ ఆఫీసు నుంచి అన్నా సరే. పనయ్యాక దాన్ని మూసేయడం కాదు, తీసేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోయేలోపు ఆపగలిగే అవకాశం అక్కడే ఉంది. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ అవకాశం పోతుంది.

అందరి పోర్టల్ యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు ఒక ఎక్సెల్ షీట్‌లో రాసి డెస్క్‌టాప్ మీద పెట్టి ఉంటారు. మీ వృత్తిలో అలా పెట్టనివాళ్లను నేనింకా చూడలేదు. దాన్ని పాస్‌వర్డ్‌లు తాళం వేసి దాచే బిట్‌వార్డెన్ లేదా కీపాస్‌లోకి మార్చండి, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఓ ఆదివారం పోతుంది. ఆ షీట్‌ను మెయిల్‌లో, వాట్సాప్‌లో పంపుకున్న కాపీలు కూడా వెతికి తీసేయండి. మీ జీమెయిల్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, ఎందుకంటే సగం పోర్టళ్ల ఓటీపీలు దానికే వస్తాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను సంతకం అవగానే పీకి సొరుగులో పెట్టండి. పొద్దున్న పెట్టి సాయంత్రం దాకా ఉంచేయడం, టోకెన్‌తో వచ్చిన పిన్‌నే వాడటం, ఆ పిన్‌ను టోకెన్‌కే స్టిక్కర్ అంటించడం మూడూ మామూలుగా చూసేవే.

తీసేసిన 1 టీబీ హార్డ్ డిస్క్‌ను పారేయకండి. నెల రోజులు దాన్ని ముట్టుకోకుండా ఉంచండి, ఏదైనా ఫైలు మర్చిపోతే అందులో ఉంటుంది. తర్వాత యూఎస్‌బీ కేసింగ్ కొని అందులో పెడితే బ్యాకప్ డ్రైవ్ అవుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో దాని ఆరోగ్యం "గుడ్" అని చూపిస్తేనే సుమా, 2019ది కాబట్టి దాని మీద ఒక్కదానిపైనే ఆధారపడొద్దు. ట్యాలీ డేటా వారానికోసారి దానిమీదికి, రోజూ క్లౌడ్‌లోకి. కాపీ అవగానే కేబుల్ పీకేయండి. ర్యాన్సమ్‌వేర్ వస్తే అంటించి ఉన్న బ్యాకప్‌కు కూడా తాళం వేస్తుంది. దాంతోపాటు విండోస్ సెక్యూరిటీలో ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటుంది, ఆఫ్‌లోనే వస్తుంది. ఆన్ చేసి ట్యాలీ డేటా ఫోల్డర్‌ను చేర్చండి, ట్యాలీ ప్రోగ్రామ్‌కు అనుమతి ఇవ్వండి. ఆ అనుమతి మర్చిపోతే ట్యాలీ సేవ్ కాదు, అప్పుడు మళ్లీ "ఈ సెక్యూరిటీ గొడవేంటి" అని అంతా ఆపేస్తారు.

చివరగా పాత ర్యామ్. నిశ్చింతగా అమ్మేయండి, ఎవరికైనా ఇచ్చేయండి. కరెంటు పోయిన కొద్ది సెకన్లలో, మహా అయితే నిమిషాల్లో అందులోని సమాచారం ఆవిరైపోతుంది. చిప్‌లను బాగా చల్లబరిస్తే ఇంకాస్త నిలుస్తుందని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు గానీ, అది మీ స్టిక్‌ను ఆ క్షణాన పీకి గడ్డకట్టించి తీసుకెళ్లే దొంగకు సంబంధించిన విషయం. బస్సులో, ఆఫీసులకు తిరిగేటప్పుడు ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో కాక షట్ డౌన్ చేసి తీసుకెళ్లమనేది మాత్రం అందుకే. డేటా మిగిలేది ర్యామ్‌లో కాదు, హార్డ్ డిస్క్‌లో. ఎప్పుడైనా దాన్ని అమ్మాలనిపిస్తే డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి ఇవ్వకండి. క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, ఒక పూట పడుతుంది. అంత ఓపిక లేకపోతే అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకోండి, దానికొచ్చే డబ్బు మీ పార్టీల పాన్ కార్డుల విలువలో వెయ్యోవంతు కూడా ఉండదు.